కు.ని. ఆపరేషన్ తర్వాత కుక్కను ఇంట్లో ఎలా చూసుకోవాలి

కుక్కకు చేయించేదాన్ని కూడా మనం కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ అనే అంటాం కాబట్టి, అది మనుషులకు చేసేదాని వంటిదేనని చాలామంది అనుకుంటారు. మనుషులకు నాళాలను కట్టివేయడంతో సరిపోతుంది. కుక్క విషయంలో అవయవాలనే తీసివేస్తారు: ఆడకుక్కకు పొట్ట తెరిచి అండాశయాలను, సాధారణంగా వాటితోపాటు గర్భసంచిని కూడా తొలగిస్తారు, మగకుక్కకు వృషణాలను తీసివేస్తారు. ఆడకుక్కకు పైన కనిపించే కుట్లు నాలుగైదు మాత్రమే ఉన్నా, వాటి కింద కండరపు పొరకు ఒక వరుస, చర్మం అడుగున ఉండే పొరకు మరొక వరుస కుట్లు ఉంటాయి. పైచర్మం కొద్దిరోజుల్లోనే అతుక్కుంటుంది. లోపలి కండరపు పొర తన బలాన్ని తిరిగి పుంజుకోవడానికి వారాలు పడుతుంది. ఈ తేడా కుక్కకు తెలియదు. మూడో రోజుకల్లా నొప్పి తగ్గి, ఆకలి పుట్టి, తోక ఊపుతూ తలుపు దగ్గరకు పరుగెత్తుతుంది. ఆపరేషన్ తర్వాత సేవ అంటే చాలావరకు, తనకు ఏమీ కాలేదనుకుంటున్న కుక్కను 10 నుంచి 14 రోజులు కదలకుండా ఆపగలగడమే.

ఆపరేషన్‌కు ముందే చేయవలసినవి

ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు కుక్కకు స్నానం చేయించి, బాగా ఆరనివ్వండి, ఎందుకంటే తర్వాత రెండు వారాలపాటు దాని ఒంటిమీద నీళ్ళు పడకూడదు. పిడుదుల మందు వేయవలసిన సమయం దగ్గర పడితే, ముందు వేయాలో తర్వాత వేయాలో డాక్టరును అడిగి తెలుసుకోండి. కుక్క పడుకోవడానికి నేలమీద ఒక మూలను సిద్ధం చేయండి. పాత బొంత మీద ఉతికిన చీర మడతపెట్టి పరిస్తే చాలు. మాసినప్పుడల్లా మార్చడానికి అటువంటివి నాలుగు అందుబాటులో ఉండాలి. మంచాలు, సోఫాలు ఉన్న గదికంటే అవి లేని గది మేలు. నున్నటి టైల్స్ లేదా మార్బుల్ నేల అయితే, మత్తు దిగని కుక్క కాళ్ళు జారి పక్కలకు చీలిపోతాయి కాబట్టి, పడక నుంచి తలుపు దాకా గోనెపట్టాలో రబ్బరు చాపలో పరిచి ఉంచండి.

ఇంటికి తీసుకువచ్చే ముందు డాక్టరును ఐదు సంగతులు తప్పక అడగండి: నొప్పి మందు ఎన్ని గంటలకు ఇచ్చారు, తర్వాతి మోతాదు ఎప్పుడు ఇవ్వాలి, కుట్లు వాటంతట అవే కరిగిపోయేవా, తీయించవలసినవా, గాయం మీద ఏదైనా పూయాలా, అసలేమీ పూయకూడదా, రాత్రి ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి. చెప్పినవి అక్కడే కాగితం మీద రాయించుకుని, ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. మందుల చీటీని పొరపాటున ఆసుపత్రి బల్లమీదే వదిలేసి రావడం మా ఇంట్లో ఒకసారి జరిగింది.

ఇంటికి తెచ్చేటప్పుడు

మత్తులో ఉన్న కుక్కను స్కూటరు మీద ఒడిలో పెట్టుకుని తేవడం ప్రమాదకరం. మధ్యలో ఉలిక్కిపడి దూకబోతుంది, లేదా తల వేలాడిపోయి ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంది. ఆటోలో గానీ కారులో గానీ ఒక పక్కకు పడుకోబెట్టి, మెడ తిన్నగా చాచి, నోటి దగ్గర ఏమీ అడ్డులేకుండా చూడండి. ఎత్తుకునేటప్పుడు ఒక చేయి రొమ్ము కిందుగా, రెండో చేయి వెనుక తొడల వెనుకగా పెట్టి ఎత్తాలి. పొట్ట కింద చేయి వేసి లేపకూడదు. పెద్ద కుక్క అయితే ఒక దుప్పటిని ఇద్దరు చెరొకవైపు పట్టుకుని, స్ట్రెచరు మాదిరిగా మోయడం సులభం.

మొదటి రాత్రి

కొత్తవారు ఎక్కువగా కంగారు పడేది ఈ రాత్రే. అయితే వారిని కంగారు పెట్టే లక్షణాల్లో చాలామటుకు మత్తుమందు వల్ల కలిగేవే. మన ఆసుపత్రుల్లో తరచుగా వాడే జైలజీన్, కెటమీన్ మందుల ప్రభావం వల్ల కుక్క కళ్ళు తెరుచుకునే మగతగా పడి ఉండవచ్చు. మూత్రం ఎక్కువగా వచ్చి, తెలియకుండానే పడక తడిపేయవచ్చు. ఒకసారి వాంతి చేసుకోవచ్చు. ఎవరో కొట్టినట్టు సన్నగా మూలగవచ్చు. ఆ మూలుగు ప్రతిసారీ నొప్పి వల్ల వచ్చేది కాదు, మత్తు దిగేటప్పుడు కలిగే అయోమయం వల్ల కూడా వస్తుంది. ఆపరేషన్ సమయంలో గొంతులో గొట్టం పెట్టి ఉంటే ఒకటి రెండు రోజులు పొడిదగ్గు రావచ్చు. తూలుతూ నడవడం, ఎక్కువసేపు నిద్రపోవడం 24 గంటల దాకా మామూలే.

మత్తులో ఉన్న శరీరం తన వేడిని తాను కాపాడుకోలేదు. వేసవి అయినా సరే, ఏసీని గానీ కూలరును గానీ కుక్క మీదికి నేరుగా పెట్టకండి. వణుకుతుంటే పలుచని దుప్పటి కప్పండి. వేడినీళ్ళ సీసా పెట్టదలిస్తే దాన్ని మందపాటి తువ్వాలులో చుట్టి, ఒంటికి ఆనకుండా పక్కన ఉంచాలి, ఎందుకంటే మగతలో ఉన్న కుక్కకు చర్మం కాలుతున్నా పక్కకు జరిగే శక్తి ఉండదు. గంటకొకసారి మెల్లగా అటు పక్క నుంచి ఇటు పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

తల నిలపగలిగి, పిలిస్తే చూసే దాకా నోట్లో నీళ్ళు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవచ్చు. మెలకువ వచ్చాక గిన్నెలో రెండు మూడు గుక్కల నీళ్ళు మాత్రమే పెట్టి, పది నిమిషాలు ఆగి, వాంతి కాకపోతే మళ్ళీ పెట్టండి. ఆ రాత్రి రోజూ తినేదానిలో నాలుగో వంతు మించకుండా, మెత్తగా వండిన అన్నంలో ఉప్పు, కారం వేయకుండా ఉడికించి ఎముకలు తీసిన కోడిమాంసం కలిపి ఇవ్వవచ్చు. తినకపోతే బలవంతం చేయకండి. ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూరల పులుసు కలపడం ఏ రోజుకైనా మంచిది కాదు. పాలు అలవాటు లేని కుక్కకు నీరసంగా ఉందని పాలు పోస్తే, తెల్లారేసరికి విరేచనాలు పట్టుకుంటాయి.

పిల్లలు ప్రేమతో మీద పడి కౌగిలించుకోకుండా చూడండి. మత్తులో ఉన్న కుక్క తన మనుషులనే గుర్తుపట్టక కరిచే అవకాశం ఉంటుంది. ఇంట్లో రెండో కుక్క ఉంటే దాన్ని వేరే గదిలో ఉంచండి. ఆసుపత్రి వాసనతో తిరిగి వచ్చిన స్నేహితురాలిని అది కొత్తదనుకుని మొరగడం, గాయాన్ని నాకబోవడం రెండూ జరుగుతాయి.

పొద్దున, సాయంత్రం గాయాన్ని చూడడం

మర్నాటి నుంచి కుట్లు తీయించే దాకా రోజుకు రెండుసార్లు, వీలైనంతవరకు ఒకే వేళకు, మంచి వెలుతురులో గాయాన్ని చూడండి. ఒకరు తల దగ్గర కూర్చుని నిమురుతూ ఉండగా మరొకరు చూస్తే సులభం. ప్రతిసారీ ఒకే దూరం నుంచి ఒక ఫొటో తీయండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా అని డాక్టరు అడిగినప్పుడు మన జ్ఞాపకంకంటే ఆ ఫొటోలే సరైన జవాబు చెబుతాయి.

అంచులు రెండూ కలిసి, గాయం పొడిగా, లేత గులాబీ రంగులో ఉంటే అంతా సక్రమంగా ఉన్నట్టే. మొదటి రోజు ఒకటి రెండు చుక్కల పలుచని రక్తపునీరు అంటుకోవచ్చు. తెల్లటి పొట్ట ఉన్న కుక్కలకు రెండో రోజునో మూడో రోజునో చుట్టూ ఊదారంగు కమిలినట్టు కనిపించి, పల్చబడుతూ పోతుంది. కుట్ల వెంబడి సన్నని గట్టి గీతలా చేతికి తగిలేది లోపలి కుట్ల ముడి కావచ్చు. దుర్వాసన, చీము, తగ్గకుండా కారే రక్తం, రోజురోజుకూ పెరిగే వాపు, ముట్టుకుంటే వేడిగా ఉండడం, కుట్ల మధ్య సందు ఏర్పడడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు చూపించాలి.

మన ఇళ్ళల్లో గాయం అనగానే పెద్దవాళ్ళ చేయి పసుపు డబ్బా మీదికి వెళుతుంది. మా అత్తగారు కూడా నూనెలో పసుపు రంగరించి సిద్ధంగా పెట్టారు. ఆమె ప్రేమను కాదనడానికి నాకు కొంత సమయం పట్టింది. పసుపు పూస్తే చర్మం ఎర్రబడిందా లేదా అన్నది కనిపించకుండా పోతుంది, నూనె గాయాన్ని తడిగా ఉంచుతుంది, పైగా ఆ రుచికి కుక్క నాకడం మొదలుపెడుతుంది. కొబ్బరినూనె, వేపనూనె, బోరిక్ పౌడరు, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వీటన్నిటికీ ఇదే నియమం వర్తిస్తుంది: డాక్టరు రాసిచ్చింది తప్ప మరేదీ పూయకూడదు.

ఈగల విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. మన వాతావరణంలో, ముఖ్యంగా వానాకాలంలో, తడిగా ఉన్న గాయం మీద ఈగ వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. కుక్కను ఇంటి లోపలే ఉంచడం, పడకగుడ్డలు రోజూ మార్చడం, అవసరమైతే దోమతెర కట్టడం సరైన పనులు. ఈగలు వాలకుండా చల్లే స్ప్రేలు మందుల దుకాణంలో దొరుకుతాయి గానీ, కొత్త కుట్ల మీద ఏది చల్లవచ్చో డాక్టరును అడిగాకే వాడండి.

నాకకుండా ఆపడం

కుక్క నాలుకలో ఔషధం ఉందన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. నిజానికి దాని నోటినిండా సూక్ష్మజీవులు ఉంటాయి. గరుకైన నాలుకతో, ముందుపళ్ళతో పది నిమిషాల్లో కుట్లన్నీ ఊడబెరకగలదు. అందుకే మెడకు కోన్, అంటే తల చుట్టూ గరాటులా నిలిచే తొడుగు, తప్పనిసరి. తల ముందుకు చాచినా ముక్కుకంటే కోన్ అంచు కొంచెం ముందుకు ఉండాలి. మెడ దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి. మొదటి రోజు అది తలుపులకు, గోడలకు కొట్టుకుంటూ, వెనక్కి నడుస్తూ, మనవైపు దీనంగా చూస్తుంది. జాలిపడి తీసివేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. గిన్నెను ఇటుక మీదో చిన్న పీట మీదో పెడితే కోన్‌తోనే తినగలదు. తినేటప్పుడు తీయదలిస్తే, తిన్నంతసేపూ మీరు ఎదురుగా కూర్చోవాలి.

కోన్‌ను ఎంతకీ భరించలేని కుక్కకు పాత కాటన్ టీ-షర్టు ఉపయోగపడుతుంది. ముందుకాళ్ళను చేతుల గుండా తీసి, వెనుకభాగాన్ని నడుం మీద ముడివేయాలి. ఆడకుక్కకు ఇది బాగా సరిపోతుంది, మగకుక్క గాయం మరీ వెనుకగా ఉండడం వల్ల సరిపోదు. తడిసినా మాసినా వెంటనే మార్చాలి. రాత్రిపూట మాత్రం టీ-షర్టును నమ్మకుండా కోన్ పెట్టడమే క్షేమం.

మందులు

నొప్పి మందు సాధారణంగా మెలాక్సికామ్ వంటిది రాస్తారు, దాన్ని ఆహారం తర్వాతే ఇవ్వాలి. కుక్క హుషారుగా ఉందని మధ్యలో ఆపడం, మూలుగుతోందని రెండో మోతాదు వేయడం రెండూ తప్పే. వాంతులు గానీ నల్లటి జిగురు మలం గానీ కనిపిస్తే తర్వాతి మోతాదు ఇవ్వకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. యాంటీబయాటిక్ రాసి ఉంటే చెప్పిన రోజులన్నీ వాడాలి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలను, అర ముక్కే కదా అని కూడా వేయకండి. కుక్కలకు వీటివల్ల కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు గానీ కాలేయం గానీ దెబ్బతినవచ్చు. మాత్ర మింగని కుక్కకు ఇడ్లీ ముక్కలోనో ఉడికించిన గుడ్డులోనో దాచి పెట్టండి. ముందుగా మాత్ర లేని ముక్క ఒకటి, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే మరొక వట్టి ముక్క చూపిస్తే, మూడోదాని ఆశతో రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది.

కదలికను అదుపులో పెట్టడం

మా చుక్కి ఊరకుక్కగా మా గేటు దగ్గరకు వచ్చి ఇంటిది అయింది. దానికి ఆపరేషన్ చేయించిన నాలుగో రోజు, గాయం ఎంత చక్కగా ఉందో చూసి, దివాన్ మీద నా పక్కన పడుకోనిచ్చాను. మధ్యాహ్నం కొరియర్ అబ్బాయి బెల్లు కొట్టగానే మొరుగుతూ దూకింది. సాయంత్రానికి కుట్ల కింద నిమ్మకాయంత మెత్తని ఉబ్బు వచ్చింది. లోపలి కండరపు కుట్లు తెగి పేగు బయటకు వస్తోందేమోనని వణికిపోతూ ఆసుపత్రికి తీసుకువెళితే, డాక్టరు నొక్కి చూసి, చర్మం కింద నీరు చేరిందని, కదలిక ఎక్కువైతే ఇలాగే అవుతుందని చెప్పారు. పది రోజుల్లో అదే ఇంకిపోయింది. అయితే నీరు చేరడానికీ, పేగు జారడానికీ తేడా ఇంట్లో కూర్చుని మనం తేల్చుకోగలిగేది కాదు. ఉబ్బు కనిపిస్తే చూపించవలసిందే.

కాబట్టి కుట్లు తీసేదాకా పరుగు, దూకడం, మెట్లెక్కడం, ఇతర కుక్కలతో పెనుగులాట అన్నీ మానిపించాలి. మలమూత్రాలకు బయటకు తీసుకువెళ్ళేటప్పుడు పొట్టి తాడు కట్టి, ఐదు పది నిమిషాల్లో వెనక్కి తీసుకురండి. లిఫ్టు లేని ఇంట్లో ఉంటే ఎత్తుకుని దిగాలి, లేదా మిద్దెమీదనో బాల్కనీలోనో పాత గుడ్డలు పరిచి అక్కడే అలవాటు చేయాలి. వానలో తడిసి వస్తే పొట్టను పొడిగుడ్డతో అద్దాలి తప్ప రుద్దకూడదు. ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళవలసి వస్తే, దూకడానికి ఏమీ లేని చిన్న గదిలో ఉంచండి. వయసులో ఉన్న కుక్కకు ఈ కట్టడి విసుగు పుట్టిస్తుంది. అన్నం ముద్దను గిన్నెలో ఒకేసారి పెట్టకుండా, గుడ్డ మడతల్లో చిన్న ముద్దలుగా దాచి, వాసన పట్టి వెతుక్కోమంటే, పడుకున్న చోటే అరగంట గడిచిపోతుంది. వీధిలో పెళ్ళి ఊరేగింపుల డప్పులు, దీపావళి టపాకాయలు ఉండే రోజులను తప్పించి ఆపరేషన్ తేదీ పెట్టుకోవడం మంచిది.

ఆపరేషన్‌కు ముందు పస్తు ఉంచడం, తిండి తగ్గడం వల్ల రెండు మూడు రోజులు మలవిసర్జన కాకపోవచ్చు. అందుకు భయపడనవసరం లేదు. మూత్రం మాత్రం 24 గంటల్లోపు పోయాలి.

మగకుక్క విషయంలో

మగకుక్క గాయం చిన్నది, కోలుకోవడం కూడా త్వరగానే ఉంటుంది. వృషణాలు తీసివేసినా వాటి సంచిని సాధారణంగా ఉంచేస్తారు కాబట్టి, అది కాస్త వాచి ఉన్నప్పుడు ఆపరేషన్ అసలు చేశారా అన్న అనుమానం చాలామందికి కలుగుతుంది. ఆ సంచి కొన్ని వారాల్లో ముడుచుకుపోతుంది. కానీ అది గట్టిపడి, నల్లబడి, ఒక్కసారిగా ఉబ్బితే లోపల రక్తం చేరుతోందని అర్థం; వెంటనే చూపించాలి. మరొక ముఖ్యమైన సంగతి, నాళాల్లో మిగిలిన వీర్యకణాల వల్ల ఆపరేషన్ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాల దాకా దానివల్ల ఆడకుక్క చూలు కట్టే అవకాశం ఉంటుంది. ఆ గడువు తీరేదాకా ఎదకు వచ్చిన ఆడకుక్కల దగ్గరకు పోనివ్వకండి. కాలెత్తి ప్రతి మూలా తడిపే అలవాటు మర్నాటికే పోతుందని ఆశించవద్దు. శరీరంలోని హార్మోన్లు తగ్గే కొద్దీ మెల్లగా తగ్గుతుంది, కొన్నిటిలో పూర్తిగా పోదు.

ఆగకుండా డాక్టరు దగ్గరకు పరుగెత్తవలసిన సందర్భాలు

కుక్క పైపెదవిని ఎత్తి చిగుళ్ళు చూడడం ఆపరేషన్‌కు ముందే నేర్చుకోండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవి గులాబీ రంగులో ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపే రంగు తిరిగి వస్తుంది. చిగుళ్ళు నల్లగా ఉండే కుక్కలకు కంటి కిందిరెప్పను లాగి లోపలి రంగు చూడాలి. ఆ రంగు పాలిపోయి, కుక్క నిలబడలేక, పొట్ట ఉబ్బుతూ ఉంటే లోపల రక్తస్రావం జరుగుతున్నట్టు అనుమానించి, తెల్లారేదాకా వేచి ఉండకుండా తీసుకువెళ్ళాలి.

కుక్క మామూలు వేడి సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది కాబట్టి, చేతికి వెచ్చగా తగలడం జ్వరం కాదు. డిజిటల్ థర్మామీటరు కొనకు కొద్దిగా వాజిలిన్ రాసి, మలద్వారంలో పెట్టి చూసినప్పుడు 103 దాటినా, 99 కంటే తగ్గినా డాక్టరుకు చెప్పండి. ఒకటి రెండు వాంతుల తర్వాత కూడా ఆగకుండా వాంతులు కావడం, 24 గంటలు దాటినా ఏమీ తినకపోవడం, మర్నాటికి కూడా లేచి నడవలేకపోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. కుట్లు విడిపోయి లోపలి నుంచి ఏదైనా బయటకు కనిపిస్తే, దాన్ని లోపలికి నెట్టే ప్రయత్నం చేయకుండా, కాచి చల్లార్చిన నీళ్ళతో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, కోన్ పెట్టి, వెంటనే బయలుదేరాలి.

మీరు అన్నం పెట్టే వీధికుక్క అయితే

మున్సిపాలిటీ వాళ్ళు ఆపరేషన్ చేయించే వీధికుక్కలకు రేబిస్ టీకా కూడా వేసి, చెవికి చిన్న కోత గుర్తుగా పెట్టి, 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం సాధారణంగా పట్టుకున్న చోటనే వదలాలి. దానికి కోన్ పెట్టడం సాధ్యం కాదు. చెవి కోత కొత్తగా కనిపించిన కుక్కను వారం రోజులు పొద్దునా సాయంత్రం పేరుపెట్టి పిలిచి, అన్నం తినేటప్పుడు దూరం నుంచే పొట్టను, పక్కలను పరికించండి. కొన్నిచోట్ల పొట్ట మధ్యలో కాక పక్కభాగంలో కోస్తారు. తినడం మానినా, గాయం తెరుచుకున్నట్టు కనిపించినా ఆపరేషన్ చేసిన కేంద్రానికి తెలియజేయండి.

కుట్లు తీయించాక

కరగని కుట్లను 10 నుంచి 14 రోజుల మధ్య డాక్టరే తీయాలి. ఇంట్లో కత్తెరతో తీయకండి. తీసిన తర్వాత స్నానానికి మరి రెండు రోజులు ఆగడం మంచిది. నడకను వారం రోజుల్లో క్రమంగా పెంచండి.

తిండి గురించి ఇప్పుడే ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆపరేషన్ తర్వాత కుక్క శరీరానికి కావలసిన శక్తి సుమారు నాలుగో వంతు తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. పెద్దయ్యాక లావెక్కిందంటే ఆపరేషన్‌ను నిందించడం అలవాటైంది గానీ, పాత కొలతతోనే గిన్నె నింపడం అసలు కారణం. పక్కటెముకలు చేతికి తగిలేలా, కంటికి కనిపించకుండా ఉంటే బరువు సరిగ్గా ఉన్నట్టు. నెలకొకసారి, మీరు కుక్కను ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడి, తర్వాత మీ ఒక్కరి బరువు చూసి తీసివేస్తే దాని బరువు తెలిసిపోతుంది, రాసి పెట్టుకోండి. చుక్కికి మేము రాత్రి ముద్దలో ఒక గరిటె అన్నం తగ్గించి, ఉడికించిన సొరకాయ ముక్కలు కలుపుతున్నాం. తేడా అది పసిగట్టింది, కానీ గిన్నె మాత్రం ఖాళీ చేస్తోంది.